నవజాత శిశువు పేగు ఆరోగ్యం – తొలి దినాల ఒత్తిడి ప్రభావం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 పుట్టిన నాటి పేగు
1.3 శిశువుకు ఒత్తిడి అంటే ఏమిటి?
1.4 ఒత్తిడి పేగును చేరే మార్గాలు
1.5 జంతు ప్రయోగాలు తెలిపిన విషయాలు
1.6 మానవ శిశువుల విషయంలో ఏమి చెప్పగలం?
1.7 ఆచరణలో చేయదగినవి
1.8 సారాంశం
1.9 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• పుట్టినప్పుడు శిశువు పేగు ఏ మేరకు ఎదిగి ఉంటుందో వివరించగలుగుతారు.
• నవజాత శిశువుకు ఒత్తిడి కలిగించే పరిస్థితులను గుర్తించగలుగుతారు.
• ఒత్తిడి ప్రభావం పేగును చేరే నాలుగు మార్గాలను తెలుపగలుగుతారు.
• జంతు ప్రయోగాల ఫలితాలను మానవ శిశువులకు ఎంతవరకు అన్వయించవచ్చో చర్చించగలుగుతారు.
• తల్లీబిడ్డలను వేరుచేయకుండా ఉంచడం వల్ల కలిగే ప్రయోజనాలను ఒక కుటుంబానికి సులభంగా చెప్పగలుగుతారు.

1.1 పరిచయం

ఒక సందర్భాన్ని ఊహించండి. నెలలు నిండకముందే సిజేరియన్ ద్వారా 1,600 గ్రాముల బిడ్డ పుట్టింది. బిడ్డను నవజాత శిశు సంరక్షణ యూనిట్‌కు తరలించారు. తల్లి మరో అంతస్తులోని వార్డులో ఉంది. మూడో రోజుకు గాని ఆమె బిడ్డను చేత్తో తాకలేదు. అమ్మమ్మ కూతురిని ఓదారుస్తూ, "పసికందుకేం తెలుస్తుందే, నువ్వు దిగులు పడకు" అంది. ఆ మాట ప్రేమతో అన్నదే. కాని అది నిజమేనా?

శిశువుకు ఆ రోజులు జ్ఞాపకం ఉండవు. అయితే మెదడు గుర్తుపెట్టుకోని అనుభవానికి కూడా శరీరం స్పందిస్తుంది. ఆ స్పందన కనిపించే ముఖ్యమైన చోట్లలో పేగు ఒకటి. గత కొన్ని దశాబ్దాలలో జరిగిన పరిశోధనలు తొలి దినాల ఒత్తిడికీ, పేగు గోడకూ, పేగులోని సూక్ష్మజీవులకూ సంబంధం ఉందని చూపించాయి. ఆ సంబంధం ఏమిటో, దానిని ఎంతవరకు నమ్మవచ్చో, తెలుసుకున్నాక మనం ఏమి చేయాలో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

1.2 పుట్టిన నాటి పేగు

నెలలు నిండి పుట్టిన శిశువు పేగు పాలను జీర్ణం చేసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. అంతమాత్రాన అది పూర్తిగా ఎదిగిన అవయవం కాదు. పుట్టిన తరువాత కూడా దానిలో నాలుగు పనులు కొనసాగుతాయి.

మొదటిది, పేగు గోడ బిగుసుకోవడం. పేగు లోపలి పొర ఒకే వరుస కణాలతో ఏర్పడుతుంది. పక్కపక్క కణాలను కలిపి ఉంచే అతుకులను 'బిగుతు సంధులు' అంటారు. ఇవి పోషకాలను రానిచ్చి, హానికరమైన వాటిని ఆపుతాయి. పుట్టిన మొదటి రోజులలో ఈ గోడ కొంత వదులుగా ఉంటుంది. నెలలు నిండని శిశువులలో మరింత వదులుగా ఉంటుంది. తల్లిపాలు అందిన శిశువులలో అది త్వరగా బిగుసుకుంటుంది.

రెండవది, సూక్ష్మజీవుల నివాసం ఏర్పడడం. తల్లి దేహం నుండి, పాల నుండి, పరిసరాల నుండి బాక్టీరియా పేగులోకి చేరతాయి. తల్లిపాలు తాగే శిశువులలో సాధారణంగా బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే జాతి వృద్ధి చెందుతుంది. తల్లిపాలలో శిశువు జీర్ణం చేసుకోలేని ప్రత్యేక చక్కెరలు ఉంటాయి. పాలలోని ఘనపదార్థాలలో లాక్టోజ్, కొవ్వు తరువాత వీటిదే మూడో స్థానం. ఇవి ముఖ్యంగా ఈ బాక్టీరియాకు ఆహారం. అంటే తల్లి తన పాలతో బిడ్డతో పాటు బిడ్డ పేగులోని సూక్ష్మజీవులనూ పోషిస్తోందన్నమాట.

మూడవది, రోగనిరోధక వ్యవస్థ శిక్షణ పొందడం. ఏది ఆహారమో, ఏది శత్రువో పేగులోని రక్షణ కణాలు ఈ కాలంలోనే నేర్చుకుంటాయి. ముర్రుపాలలో సమృద్ధిగా ఉండే 'ఎ' రకపు ఇమ్యునోగ్లోబ్యులిన్లు ఈ లోపు శిశువు పేగు గోడకు కాపలా కాస్తాయి.

నాలుగవది, నాడుల పొందిక. పేగు గోడలో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి. పేగును క్రమపద్ధతిలో కదిలించేవి ఇవే. గర్భంలో సుమారు 34 వారాలు నిండే సరికి గాని ఈ కదలికలు ఒక క్రమానికి రావు. చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం సమన్వయంతో సాగడం కూడా దాదాపు అదే సమయానికి కుదురుతుంది. ముందుగా పుట్టిన బిడ్డకు పాలు పట్టడం కష్టం కావడానికి ఇది ఒక కారణం.

ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాక కూడా తలుపులు బిగించడం, సున్నాలు వేయడం మిగిలి ఉన్నట్లే, శిశువు పేగు పని మొదలుపెట్టాక కూడా నిర్మాణం సాగుతూనే ఉంటుంది. అందువల్ల ఈ కాలంలో కలిగే ఆటంకం పెద్దవారిలో కలిగే ఆటంకం కన్నా ఎక్కువ ప్రభావం చూపే అవకాశం ఉంది.

1.3 శిశువుకు ఒత్తిడి అంటే ఏమిటి?

పెద్దవారి ఒత్తిడి అనగానే మనకు అప్పులు, పరీక్షలు, ఉద్యోగం గుర్తుకు వస్తాయి. శిశువుకు ఇవేవీ లేవు. శిశువు దేహానికి తన సమతుల్యతను తానే నిలుపుకోవడం కష్టమయ్యే పరిస్థితే ఒత్తిడి. ముఖ్యంగా నొప్పి, చలి, ఆకలి, ఇన్‌ఫెక్షన్, ఎడతెగని శబ్దం, వెలుతురు, అన్నింటికన్నా ముఖ్యంగా తల్లి స్పర్శకు దూరం కావడం ఈ కోవలోకి వస్తాయి.

ఆసుపత్రి సంరక్షణ ప్రాణాలు నిలుపుతుంది. కాని ఆ సంరక్షణలోనే నొప్పి కూడా ఉంటుంది. పారిస్ ప్రాంతంలోని ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో 430 మంది నవజాత శిశువులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, సగటు స్థాయి శిశువుకు రోజుకు సుమారు 10 నొప్పి కలిగించే ప్రక్రియలు జరిగినట్లు తేలింది. మడమ నుండి రక్తం తీయడం, ముక్కులోకి గొట్టం వేయడం వంటివి ఇలాంటి ప్రక్రియలే.

అయితే ఒత్తిడి అంతా చెడ్డదని భావించకండి. ప్రసవ సమయంలో శిశువులో విడుదలయ్యే ఒత్తిడి హార్మోన్లు ఊపిరితిత్తులు గాలి పీల్చడానికి సిద్ధం కావడంలో తోడ్పడతాయి. టీకా వేసినప్పుడు ఏడ్చిన బిడ్డను తల్లి వెంటనే ఎత్తుకొని పాలిస్తే ఆ ఒత్తిడి కొద్దిసేపట్లో సర్దుకుంటుంది. ఓదార్పు లేకుండా, పదేపదే, దీర్ఘకాలం కొనసాగే ఒత్తిడే మన ఆందోళనకు కారణం.

1.4 ఒత్తిడి పేగును చేరే మార్గాలు

(అ) హార్మోన్ల మార్గం: ఒత్తిడి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ ఒక హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి విడుదల చేసే మరో హార్మోన్ మూత్రపిండాలపైన ఉండే అధివృక్క గ్రంథులను ప్రేరేపిస్తుంది. అవి కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. ఎలుకలలో దీనికి బదులు కార్టికోస్టిరోన్ విడుదలవుతుంది. ఈ మూడు గ్రంథుల గొలుసును 'ఒత్తిడి అక్షం' అని పిలుద్దాం. తక్కువ కాలం, తగిన మోతాదులో కార్టిసాల్ మేలు చేస్తుంది. అది ఎక్కువ కాలం అధికంగా ఉంటే పేగు గోడ, రోగనిరోధక కణాలు రెండూ ప్రభావితమవుతాయి.

(ఆ) పేగు గోడ మార్గం: హైపోథాలమస్ విడుదల చేసే హార్మోన్ పేగులో కూడా తయారవుతుంది. అది అక్కడి మాస్ట్ కణాలను ప్రేరేపిస్తుంది. ఆ కణాలు విడుదల చేసే రసాయనాలు బిగుతు సంధులను సడలిస్తాయి. అప్పుడు బాక్టీరియా, వాటి భాగాలు గోడను దాటే అవకాశం పెరుగుతుంది. ఫలితంగా వాపు కలుగుతుంది.

(ఇ) నాడుల మార్గం: మెదడు నుండి పొట్టకు వెళ్ళే వేగస్ నాడి పేగు కదలికలను, స్రావాలను నియంత్రిస్తుంది. ఒత్తిడిలో ఈ నియంత్రణ మారుతుంది. పాలు పొట్టలో నిలిచిపోవడం, పొట్ట ఉబ్బడం వంటివి కనిపించవచ్చు.

(ఈ) సూక్ష్మజీవుల మార్గం: పేగు కదలిక, శ్లేష్మం, స్రావాలు మారితే అక్కడ నివసించే బాక్టీరియాకు పరిస్థితులు మారతాయి. మేలు చేసేవి తగ్గి, ఇతర జాతులు పెరగవచ్చు. ఈ మార్పు తిరిగి రోగనిరోధక వ్యవస్థ మీద, ఒత్తిడి అక్షం మీద ప్రభావం చూపుతుంది. అంటే మెదడు నుండి పేగుకు వెళ్ళినట్లే పేగు నుండి మెదడుకు కూడా సంకేతాలు వెళతాయి. ఈ రెండువైపుల సంబంధాన్ని 'పేగు–మెదడు అక్షం' అంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: జవాబులను మీ నోటుపుస్తకంలో రాసి, 1.9లో ఇచ్చిన జవాబులతో పోల్చుకోండి.
1. బిగుతు సంధులు అంటే ఏమిటి?
2. శిశువులో ఎలాంటి ఒత్తిడి ఆందోళన కలిగించేది?

1.5 జంతు ప్రయోగాలు తెలిపిన విషయాలు

మానవ శిశువును ప్రయోగం కోసం తల్లి నుండి వేరుచేయడం నైతికంగా తగదు. అందువల్ల ఈ విషయంలో మన జ్ఞానంలో ఎక్కువ భాగం జంతువులపై జరిగిన ప్రయోగాల నుండి వచ్చింది.

ఐర్లండ్‌లోని కార్క్ నగర పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుక పిల్లలను పుట్టిన 2వ రోజు నుండి 12వ రోజు వరకు రోజుకు 3 గంటల పాటు తల్లి నుండి వేరుగా ఉంచారు. ఆ పిల్లలు పెద్దవైన తరువాత పరీక్షిస్తే మూడు తేడాలు కనిపించాయి. కార్టికోస్టిరోన్ ఎక్కువగా ఉంది. పేగు సాగినప్పుడు నొప్పి త్వరగా కలిగింది. మలంలోని బాక్టీరియా కూర్పు మారింది. వేరుచేసింది కొద్ది రోజులే అయినా ప్రభావం పెద్దయ్యేవరకు నిలిచిందని గమనించండి.

అమెరికాలో రీసస్ కోతులపై జరిపి 1999లో ప్రచురించిన ప్రయోగంలో, తల్లి నుండి వేరుచేసిన మూడో రోజుకు కోతి పిల్లల మలంలో లాక్టోబాసిల్లస్ బాక్టీరియా బాగా తగ్గింది. వారం గడిచేసరికి తిరిగి మామూలు స్థాయికి చేరింది. ఇక్కడ ప్రభావం తాత్కాలికం. ఈ కోతి పిల్లలు అప్పటికే ఆరు నెలలు దాటినవి. వయస్సు పెరిగిన కొద్దీ తట్టుకొనే శక్తి పెరుగుతుందేమోనని ఈ తేడా సూచిస్తుంది. కాని జంతువులు, పద్ధతులు వేరు కాబట్టి అంతకుమించి చెప్పలేం.

జపాన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగం ఎదురు దిశను పరీక్షించింది. సూక్ష్మజీవులు ఏమాత్రం లేని వాతావరణంలో పెంచిన చుంచెలుకలను కదలకుండా బంధించినప్పుడు, వాటి ఒత్తిడి హార్మోన్లు మామూలు చుంచెలుకలలో కన్నా ఎక్కువగా పెరిగాయి. వాటికి ఒక రకం బిఫిడోబాక్టీరియాను ఇచ్చినప్పుడు ఈ అతిస్పందన తగ్గింది. మామూలు చుంచెలుకల పేగు బాక్టీరియాను చిన్న వయస్సులో ఇస్తే కొంత ఫలితం కనిపించింది. ఆలస్యంగా ఇస్తే కనిపించలేదు. ఒత్తిడిని ఎదుర్కొనే వ్యవస్థ సరిగా రూపొందడంలో పేగు బాక్టీరియాకు పాత్ర ఉందనీ, దానికి తగిన సమయం ఒకటుందనీ దీనివల్ల తెలుస్తుంది.

మరో ముఖ్యమైన విషయం. ఎలుక పిల్లలను కొద్ది నిమిషాలు మాత్రమే తల్లి నుండి తీసి తిరిగి గూటిలో పెడితే అవి పెద్దయ్యాక ఒత్తిడిని మరింత బాగా తట్టుకున్నాయి. తిరిగి వచ్చిన పిల్లలను తల్లి ఎక్కువగా నాకి శుభ్రం చేయడం దీనికి ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. వేరుకావడం ఒక్కటే కాదు, ఎంతసేపు వేరయ్యాయి, తిరిగి కలిశాక ఎలాంటి ఆదరణ లభించింది అన్నవి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

1.6 మానవ శిశువుల విషయంలో ఏమి చెప్పగలం?

ఎలుక ఫలితాలను నేరుగా మనుషులకు అన్వయించరాదు. ఎలుక పిల్ల కళ్ళు తెరవకుండా, పేగు చాలా అపరిపక్వంగా ఉండగా పుడుతుంది. దాని పేగు ఎదుగుదలలో పెద్ద భాగం మొదటి మూడు వారాలలో జరుగుతుంది. మానవ శిశువులో అందులో చాలా భాగం గర్భంలోనే పూర్తవుతుంది. ఈ పోలిక ప్రకారం చూస్తే నెలలు నిండని శిశువే ఎలుక పిల్లకు కొంత దగ్గరగా ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో 56 మంది శిశువులపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భధారణ సమయంలో ఎక్కువ ఒత్తిడికి గురైన తల్లుల బిడ్డల మలంలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా తక్కువగానూ, వ్యాధికారక జాతులు ఉండే ప్రోటియోబాక్టీరియా ఎక్కువగానూ కనిపించాయి. ఇది చిన్న అధ్యయనం. పైగా ఇది రెండు విషయాలు కలిసి కనిపించాయని చెబుతుంది గాని, ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయదు.

నెలలు నిండని శిశువులలో చిక్కు మరింత ఎక్కువ. తల్లికి దూరంగా ఉన్న బిడ్డకు తరచు తల్లిపాలు కూడా తక్కువగా అందుతాయి, యాంటీబయాటిక్స్ ఇస్తారు, ఆసుపత్రి బాక్టీరియా చేరుతుంది. వీటిలో దేని ప్రభావం ఎంతో విడదీయడం కష్టం. ఈ శిశువులలో పేగు కణజాలం చనిపోయే తీవ్రమైన జబ్బు ఒకటి వస్తుంది. దానిని నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు. బ్రిటన్‌లో 926 మంది శిశువులపై జరిపి 1990లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డబ్బాపాలు మాత్రమే తాగిన వారిలో ఈ జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగిన వారి కంటే 6 నుండి 10 రెట్లు ఎక్కువగా వచ్చింది. ఒత్తిడి గురించి ఎంత చర్చించినా, తల్లిపాలు అందడం లేదా అందకపోవడం అన్న అంశాన్ని మరువరాదనడానికి ఇదే నిదర్శనం.

ఈ విషయం తల్లిని నిందించడానికి కాదు. నెలలు నిండకముందు ప్రసవం కావడం, బిడ్డను వేరే గదిలో ఉంచడం తల్లి ఎంచుకున్నవి కావు. ఆందోళన పడిన తల్లికి "నీ దిగులు వల్లే బిడ్డకు ఇలా అయింది" అని చెప్పడం శాస్త్రీయం కాదు, మానవీయం అంతకన్నా కాదు. మార్చవలసింది ఏర్పాట్లను.

1.7 ఆచరణలో చేయదగినవి

(అ) తల్లీబిడ్డలను కలిపి ఉంచడం: బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. అప్పుడు ఇంక్యుబేటర్ల కొరత దానికి ప్రేరణ. ఘనా, భారతదేశం, మలావి, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆసుపత్రులలో 3,211 మంది శిశువులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వీరు 1 కిలో నుండి 1.8 కిలోల లోపు బరువున్నవారు. పరిస్థితి కుదుటపడేవరకు ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ ఇచ్చిన బృందంలో 28 రోజుల లోపు మరణాలు 12.0 శాతం. కుదుటపడ్డాక ఇచ్చిన బృందంలో 15.7 శాతం. ఇన్‌ఫెక్షన్ అనుమానించిన సందర్భాలు కూడా మొదటి బృందంలో తక్కువ. ఈ పరిశోధన పేగును కొలవలేదు. కాని వేరుచేయకపోవడం ప్రాణాలు కాపాడుతుందని స్పష్టంగా చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి శిశువులకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుండి 24 గంటలు ఈ సంరక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. తల్లి కోలుకొనేవరకు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కూడా బిడ్డను ఇలా గుండెలకు హత్తుకోవచ్చు.

(ఆ) ముర్రుపాలు, తొలి గంటలో పాలివ్వడం: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం దేశంలో పుట్టిన గంట లోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం మాత్రమే. అదే సర్వేలో సిజేరియన్ ప్రసవాలు దేశంలో 21.5 శాతం కాగా, తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. సిజేరియన్ తరువాత తల్లీబిడ్డలు కొన్ని గంటలు వేరుగా ఉండడం తరచు జరుగుతుంది కాబట్టి మన రాష్ట్రాలలో ఈ అంశానికి ప్రాధాన్యం ఎక్కువ. తల్లి పరిస్థితి బాగుంటే ఒకరి సాయంతో పడుకొనే పాలివ్వవచ్చు. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాకించడం మానాలి.

(ఇ) పాలు తాగలేని బిడ్డకు: తల్లి తన పాలను పిండి శుభ్రమైన గిన్నెలో ఇస్తే గొట్టం, చెంచా లేదా ఉగ్గుగిన్నె ద్వారా పట్టవచ్చు. తల్లిపాలు చాలకపోతే దాత పాలు తోడ్పడతాయి. మన దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో ఏర్పడింది.

(ఈ) నొప్పి తగ్గించడం: రక్తం తీసే సమయంలో బిడ్డను తల్లి హత్తుకొని ఉండడం, పాలివ్వడం నొప్పిని తగ్గిస్తాయి. పరీక్షలను ఒకేసారి చేయడం, వెలుతురు, శబ్దం తగ్గించడం కూడా మేలు చేస్తాయి.

(ఉ) మేలుచేసే బాక్టీరియా మందులు: ఒడిశా గ్రామాలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఒక రకం లాక్టోబాసిల్లస్‌ను దాని ఆహారమైన చక్కెరతో కలిపి వారం రోజులు ఇవ్వగా, తీవ్ర ఇన్‌ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుండి 5.4 శాతానికి తగ్గాయి. అయితే వీరు 2 కిలోలు, అంతకు మించిన బరువున్నవారు. నెలలు నిండని శిశువులలో ఇలాంటి మందుల వల్ల తీవ్ర ఇన్‌ఫెక్షన్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. కాబట్టి వైద్యుని సలహా లేకుండా దుకాణంలో కొని వాడరాదు.

హెచ్చరిక: ఆకుపచ్చని వాంతి, పొట్ట బాగా ఉబ్బి గట్టిపడడం, మలంలో రక్తం, పాలు తాగడం మానివేయడం, మందకొడిగా ఉండడం, ఒళ్ళు చల్లబడడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తల్లిపాలు తాగే బిడ్డకు పసుపురంగులో పలుచగా, రోజుకు పలుమార్లు విరేచనం కావడం మాత్రం సహజమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ఎలుక ఫలితాలను మానవ శిశువులకు నేరుగా ఎందుకు అన్వయించరాదు?
4. కంగారూ సంరక్షణను తల్లి కాక ఇంకెవరు ఇవ్వవచ్చు?

1.8 సారాంశం

శిశువు పేగు పుట్టిన తరువాత కూడా నిర్మాణ దశలోనే ఉంటుంది. గోడ బిగుసుకోవడం, సూక్ష్మజీవులు స్థిరపడడం, రోగనిరోధక శిక్షణ, నాడుల పొందిక ఒకేసారి సాగుతాయి. ఓదార్పు లేని దీర్ఘ ఒత్తిడి హార్మోన్లు, పేగు గోడ, నాడులు, సూక్ష్మజీవుల ద్వారా ఈ పనికి ఆటంకం కలిగించగలదని జంతు ప్రయోగాలు చూపాయి. మానవ శిశువులలో ఆధారాలు అంత బలంగా లేవు. అయినా చేయవలసింది స్పష్టంగానే ఉంది. తల్లి స్పర్శ, తల్లిపాలు బిడ్డకు చికిత్సలో భాగం. "పసికందుకేం తెలుస్తుంది" అన్న అమ్మమ్మకు మీరు ఇలా చెప్పవచ్చు: "బిడ్డకు గుర్తుండదు గాని ఒంటికి తెలుస్తుందమ్మా. డాక్టరు గారిని అడిగి బిడ్డను మీ అమ్మాయి గుండెల మీద పడుకోబెట్టిద్దాం."

1.9 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. పేగు లోపలి పొరలోని పక్కపక్క కణాలను కలిపి ఉంచే అతుకులు. ఇవి పోషకాలను రానిచ్చి హానికరమైన వాటిని ఆపుతాయి.
2. ఓదార్పు లేకుండా, పదేపదే, దీర్ఘకాలం కొనసాగే ఒత్తిడి.
3. ఎలుక పిల్ల పేగు చాలా అపరిపక్వంగా ఉండగా పుడుతుంది. మానవ శిశువు పేగు ఎదుగుదలలో చాలా భాగం గర్భంలోనే పూర్తవుతుంది.
4. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ వంటి ఆరోగ్యంగా ఉన్న కుటుంబ సభ్యులు.

1.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. తొలి దినాల ఒత్తిడి పేగును చేరే మార్గాలను వివరించండి.
2. తల్లీబిడ్డలను వేరుచేయడంపై జరిగిన జంతు ప్రయోగాలను, వాటి పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. తల్లిపాలు శిశువు పేగులోని సూక్ష్మజీవులను ఎలా పోషిస్తాయి?
2. కంగారూ సంరక్షణపై 2021లో వెలువడిన పరిశోధన ఫలితాలను తెలపండి.
3. మీ ప్రాంతంలోని ఒక బాలింతతో మాట్లాడి, ప్రసవం తరువాత బిడ్డ ఎంతసేపటికి ఆమె దగ్గరకు చేరిందో, మొదట ఏమి పట్టారో తెలుసుకొని, ఈ యూనిట్‌లోని అంశాలతో పోల్చి రాయండి.